మహారాజశ్రీ మేనేజ్‌మెంట్ పేజీ గారికి

ఎఫ్5 కంపెనీ వారి బిగ్-ఐపీ అనే నెట్‌వర్క్ పెట్టెలో కొలువై, దాని సెట్టింగులన్నీ బ్రౌజర్‌లోనే మార్చనిచ్చే ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ యూజర్ ఇంటర్‌ఫేస్ గారికి, ముద్దుగా టీఎంయూఐ గారికి, నెట్‌వర్క్ టీమ్ వారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ తమరు కులాసాగా ఉన్నన్నాళ్లూ మా ఊసు ఎవరికీ పట్టదు, మా ఫోన్లు మోగడం మొదలైతే తమరు కులాసాగా లేరని అర్థం. అందుకని ఆ మాట ఈసారికి వదిలేస్తున్నాం.

ముందు తమరి హోదా సంగతి. బ్యాంకు సైటు కావచ్చు, టెలికాం యాప్ కావచ్చు, సర్కారు పోర్టల్ కావచ్చు, అసలు సర్వర్ల ముందు నిలబడి వచ్చిన ప్రతి కనెక్షన్‌నీ ఎటు పంపాలో తేల్చేది తమరి పెట్టె. చాలాచోట్ల హెచ్‌టీటీపీఎస్ ఎన్‌క్రిప్షన్ విప్పేది కూడా అక్కడే. అంటే సర్టిఫికెట్ల ప్రైవేట్ కీలు అక్కడే, విప్పాక కనబడే పాస్‌వర్డులు, సెషన్ కుకీలు అక్కడే. ఎల్‌డాప్ అనే యూజర్ ఖాతాల చిట్టాలోకి పోయే సర్వీస్ ఖాతా, పరికరాల మీద కన్నేసి ఉంచే ఎస్ఎన్ఎంపీకి పాస్‌వర్డు లాంటి కమ్యూనిటీ స్ట్రింగ్ కూడా పెట్టె కాన్ఫిగ్ ఫైల్లోనే. ఇంత ఆస్తి మీద పెత్తనం తమరిది. అలాంటి తమరు 443 పోర్టు మీద, క్లౌడ్‌లో ఒకే నెట్‌వర్క్ కార్డుతో దిగితే 8443 మీద, లోకమంతటికీ దర్శనమిస్తూ కూర్చున్నారు. 2020 జూన్‌లో సైబర్ భద్రత సంస్థ పాజిటివ్ టెక్నాలజీస్ వాళ్లు లెక్కేస్తే అలా ఇంటర్నెట్‌కి దొరికిపోయే పెట్టెలు 8,000 పైచిలుకు తేలాయి.

ఆ సంస్థలోనే పనిచేసే మిఖాయిల్ క్ల్యుచ్నికోవ్ తమరిలో కనిపెట్టిన లోపం ఆ జూలై 1న బయటికొచ్చింది. భద్రతా లోపాలకిచ్చే సీవీఈ నంబర్లలో దానిది సీవీఈ-2020-5902. దాని తీవ్రతకి ఎఫ్5 వారే స్వయంగా వేసిన మార్కులు పదికి పది. యూజర్‌నేమ్ అడక్కుండా, పాస్‌వర్డ్ అడక్కుండా, ఎవరొచ్చినా రూట్, అంటే పెట్టెకి సర్వాధికారి, చేసి పంపేవారికి పదికి తక్కువ ఎలా వేస్తారు?

అది జరిగిన తీరు మాత్రం చూసి తీరాలి. తమరి ఇంట్లో ముందు అపాచీ, వెనక టామ్‌క్యాట్, రెండూ వెబ్ సర్వర్లే. మధ్యలో ఏజేపీ అనే ప్రోటోకాల్, పోర్టు 8009. పాస్‌వర్డ్ అడగడం అపాచీ వంతు, పేజీ తయారు చేయడం టామ్‌క్యాట్ వంతు. అందరినీ పాస్‌వర్డ్ అడిగే అపాచీ లాగిన్ పేజీకి మాత్రం అడగదు. అడిగితే ఇక లాగిన్ అయ్యేదెక్కడ? అంతవరకు న్యాయమే. వచ్చినవాడు ఆ లాగిన్ పేజీ అడ్రసు చివర ఇది తగిలించాడు:

..;/

రెండు చుక్కలు, ఒక సెమికోలన్, ఒక స్లాష్. అపాచీ దాన్ని చూసి ‘ఇదేదో వింత పేరున్న ఫోల్డర్, లాగిన్ పేజీ కిందే ఉంది, పోనీలే’ అనుకుంది. టామ్‌క్యాట్ పద్ధతి వేరు. సెమికోలన్ దగ్గర్నుంచి తర్వాతి స్లాష్ దాకా ఉన్నది దానికి పారామీటర్. దాన్ని తీసి పక్కన పెడుతుంది. తీసేస్తే మిగిలేది ‘../’, అంటే ఒక మెట్టు పైకి. పైకెక్కి అక్కడినుంచి ఏ పేజీ కావాలంటే ఆ పేజీలోకి దిగాడు. అపాచీ చదివిన అడ్రసూ టామ్‌క్యాట్ చదివిన అడ్రసూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే, అర్థాలు మాత్రం రెండు. తాళం వేసినవాడు ఒక అర్థంతో వేశాడు, గది చూపించినవాడు ఇంకో అర్థంతో చూపించాడు.

లోపల దొరికిన పేజీలు కూడా సామాన్యమైనవి కావు. ఒకటి పెట్టెలో ఏ ఫైలు అడిగితే ఆ ఫైలు చదివి వినిపిస్తుంది. ఇంకొకటి టీఎంఎస్‌హెచ్ కమాండ్ ఏదిస్తే అది నడుపుతుంది. టీఎంఎస్‌హెచ్ అంటే తమరి సొంత షెల్లే, కమాండ్లు టైప్ చేసే చోటే కదా, లైనక్స్ దాకా ఏం వెళ్తాడులే అని ధైర్యం చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. వచ్చినవాళ్లు ‘లిస్ట్’ అనే అమాయకపు పేరుని ‘బ్యాష్’కి, అంటే అసలు లైనక్స్ షెల్‌కి, అలియాస్‌గా (మారుపేరుగా) పెట్టుకున్నారు. ఆ తర్వాత ‘లిస్ట్’ అంటే చాలు, ఫైల్లో రాసి పెట్టుకున్న స్క్రిప్టు రూట్‌గా నడిచింది. పని కాగానే ఆ అలియాస్‌ని చెరిపేసి మరీ వెళ్లారు, మర్యాదస్తులు. ఆడిట్ లాగ్‌లో మనవాళ్లెవరూ పెట్టని సీఎల్‌ఐ (కమాండ్ లైన్) అలియాస్ ఒకటి పుట్టి, కాసేపటికే పోయినట్టు కనబడితే అది వాళ్ల చేతిరాతే.

ముహూర్తం కూడా తమరు భలే చూసుకున్నారు. జూలై 3 శుక్రవారం. మర్నాడు అమెరికా స్వాతంత్ర్య దినం, పెద్దలంతా సెలవులో. అమెరికా సైబర్ కమాండే ట్విట్టర్‌కెక్కి, ప్యాచ్ పనిని వారాంతం దాటనివ్వొద్దని మొత్తుకుంది. ఆ సెలవులో దాడులు మొదలయ్యాయి, 5వ తేదీకల్లా దాడికి వాడే ఎక్స్‌ప్లాయిట్ కోడ్ ఊరంతా తిరుగుతోంది. అమెరికా కంపెనీల పెట్టెల్ని హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులో కూర్చుని చూసుకునే కుర్రాళ్లకి జూలై 4 సెలవు కాదు. ప్యాచ్ కొట్టే చేతులు ఉన్నాయి. ‘ఛేంజ్ అప్రూవ్డ్’ అని నొక్కాల్సిన వేలు మాత్రం బార్బెక్యూ దగ్గర ఉంది.

ప్యాచ్ కుదరనివారి కోసం తాత్కాలికంగా ఒక రూల్ ఇచ్చారు. అపాచీ కాన్ఫిగ్‌లో, అడ్రసులో ‘..;’ కనబడితే 404 చూపించి పంపేయమని. టీఎంఎస్‌హెచ్‌లో హెచ్‌టీటీపీడీ (అంటే ఆ అపాచీయే) సెట్టింగులు తెరిచి, ఇంక్లూడ్ దగ్గర ఆ రూల్ లైన్లు అతికించి, కాన్ఫిగ్ సేవ్ చేసి, హెచ్‌టీటీపీడీని రీస్టార్ట్ చేయాలి. సేవ్ మర్చిపోయినవాళ్ల పెట్టె తర్వాతి రీబూట్‌లో రూల్‌ని కూడా మర్చిపోయింది. సేవ్ చేసినవాళ్లు హాయిగా పడుకున్నారు. వారం తిరక్కుండానే, చుక్కలు అక్కర్లేదు, ఉత్త సెమికోలన్‌తో హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీ అనే లోపలి డేటాబేస్ వైపు నుంచి రావచ్చని ఇంకొందరు చూపించారు. రూల్ మార్చారు. అదీ చాలదని మళ్లీ మార్చారు. మొదటి రూల్ పెట్టుకుని ‘మిటిగేటెడ్’ అని టికెట్ మూసేసినవాళ్లలో ఎందరు ఆ టికెట్ మళ్లీ తెరిచారో తమరికే ఎరుక. నిఖార్సయిన మందు కొత్త వెర్షన్లే: 15.1.0.4, 14.1.2.6, 13.1.3.4, 12.1.5.2, 11.6.5.2.

పోనీ ఒక్కసారి తప్పులే అనుకుందామంటే, 2021 మార్చిలో తమరి తోడబుట్టినవారు, ప్రోగ్రాములు పెట్టెతో మాట్లాడే దారి అయిన ఐకంట్రోల్ రెస్ట్ గారు వార్తల్లోకెక్కారు. అదీ పాస్‌వర్డ్ లేని ప్రవేశమే. 2022 మేలో వారే మళ్లీ, సీవీఈ-2022-1388 పేరిట. ఇది ఎంత ముచ్చటైనదో చెప్పకుండా ఉండలేం. రెస్ట్ రిక్వెస్ట్‌లో టోకెన్ హెడర్ (లాగిన్ అయ్యాక ఇచ్చే చీటీ) ఉంటే దాన్ని లోపలున్న జావా సర్వరే పరీక్షించుకుంటుందని అపాచీ పాస్‌వర్డ్ చూడకుండా వదిలేస్తుంది. టోకెన్ లేకుండా లోపలికొస్తే, పాస్‌వర్డ్ అపాచీ చూసే పంపి ఉంటుందని జావా సర్వర్ నమ్ముతుంది. వచ్చినవాడు టోకెన్ హెడర్ పెట్టాడు. దాంతోపాటు కనెక్షన్ హెడర్‌లో ‘ఆ టోకెన్ హెడర్‌ని లోపలికి పంపేముందు తీసేయి’ అని రాశాడు. హెచ్‌టీటీపీ రూలు ప్రకారం అపాచీ బుద్ధిగా తీసేసింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ‘పైన ఫ్లాటువాళ్లు చూసుకుంటార్లే’ అని గేటు తీస్తే, ఫ్లాటువాళ్లు ‘వాచ్‌మన్ కనుక్కునే పంపాడు’ అని తలుపు తీసినట్టు. యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ ఖాళీ. లోపలికెళ్లాక కమాండ్ నడపడానికి తిప్పలు పడాల్సిన పనే లేదు, ఆ పనికోసమే కట్టిన అడ్రసు రెస్ట్‌లో ఉంది, దాని పేరే బ్యాష్. ఆ లోపానికి 13.1.5 నుంచి పైకి మందిచ్చారు. 12, 11 శాఖలవారికి ఏమీ రాలేదు, రాదు కూడా.

2023 అక్టోబర్‌లో మళ్లీ తమరే స్వయంగా: సీవీఈ-2023-46747. ఈసారీ అపాచీ, టామ్‌క్యాట్, మధ్యలో అదే ఏజేపీ. ఒక రిక్వెస్ట్ కడుపులో ఇంకో రిక్వెస్ట్ దాచి పంపితే ముందున్నాయనకి ఒకటే కనబడింది, వెనకున్నాయనకి రెండు కనబడ్డాయి. సెమికోలన్ మూసేశారు గానీ, ఒకరు చూస్తారని ఇంకొకరు నమ్మే కాపురం అలాగే ఉంది. అది ఉన్నంతకాలం సీవీఈ నంబరు మారుతుంది, టికెట్ మాత్రం అదే. 2025 అక్టోబర్ 15న ఎఫ్5 వారు ఇంకో కబురు చెప్పారు: ఏదో దేశం అండతో వచ్చినవాళ్లు తమ నెట్‌వర్క్‌లో చాలాకాలం ఉండి, బిగ్-ఐపీ సోర్స్ కోడ్‌లో కొంత, ఇంకా బయటపెట్టని లోపాల వివరాలు కొన్ని పట్టుకుపోయారని. తమరి జాతకం ఇప్పుడు పరాయివాళ్ల చేతుల్లో ఉందన్నమాట.

అందుచేత మా విన్నపం చిన్నది. తమరు ఎవరికీ కనబడొద్దు.

మేనేజ్‌మెంట్ పోర్టుని ప్రత్యేక వీలాన్‌లోకి, అంటే విడిగా కట్టిన నెట్‌వర్క్‌లోకి మార్చి, జంప్ సర్వర్ అనే మధ్య మెట్టు దాటి వస్తేనే అందేలా పెడుతున్నాం. అంతటితో తమరు దాక్కున్నట్టు కాదని మాకు తెలుసు, ఎందుకంటే సెల్ఫ్-ఐపీలనే దొడ్డిదారి తమరికి ఉంది. ట్రాఫిక్ నడిచే వీలాన్‌లో పెట్టెకి ఇచ్చే ఆ అడ్రసు మీద, ఏ పోర్టులు తెరవాలో తేల్చే పోర్ట్ లాక్‌డౌన్ ‘అలౌ డిఫాల్ట్’ అని ఉంటే, 443, 22 కూడా దాని మీద పలుకుతాయి. ముందు తలుపుకి తాళం వేసి మురిసిపోయిన ఆడిటర్లు చూడనిది ఇదే. బయటి సెల్ఫ్-ఐపీలన్నీ ‘అలౌ నన్’. జంట పెట్టెలు మాట్లాడుకునే హెచ్ఏ వీలాన్ మీద మాత్రం ‘అలౌ కస్టమ్’ పెట్టి టీసీపీ 4353, యూడీపీ 1026, అంతే. ఆపైన హెచ్‌టీటీపీడీ అలౌ లిస్టులో ‘ఆల్’ తీసేసి జంప్ సర్వర్ల అడ్రసులు ఇస్తున్నాం. ఆఫీసు లోపలి అడ్రసులైన పది-డాట్ మొత్తాన్ని రాసేసి ‘లోపలివాళ్లేగా’ అంటే కుదరదు, ఆఫీసులో వైరస్ పట్టిన ల్యాప్‌టాప్ కూడా లోపలిదే. ఈ మార్పు చేసేటప్పుడు కన్సోల్ కేబుల్ తగిలించి ఉంచుకుంటాం, సబ్‌నెట్ ఒక్క అంకె తప్పితే బయట నిలబడేది మేమే గనక.

అమెరికా సర్కారు సైబర్ భద్రత సంస్థ సీసా 2023 జూన్‌లో ఇదే మాటని హుకుంగా ఇచ్చింది (బీఓడీ 23-02): ఫెడరల్ ఆఫీసుల్లో ఇంటర్నెట్‌కి కనబడే మేనేజ్‌మెంట్ పేజీని గుర్తించిన 14 రోజుల్లో తీసేయాలి, లేదా దాని ముందు వేరే కాపలా పెట్టాలి. ‘వేరే’ అన్నది గమనించగలరు. తమరి తలుపుకి తమరే కాపలా అంటే వాళ్లూ నమ్మలేదు.

ఇక అప్‌గ్రేడ్. ముందు యూసీఎస్ బ్యాకప్ (పెట్టె కాన్ఫిగ్ అంతా ఒక ఫైల్లో) తీసి పెట్టె బయట దాస్తాం. పెట్టెలోనే ఉంచిన బ్యాకప్ పెట్టెతోపాటే పోతుంది. తర్వాత లైసెన్స్‌ని రీయాక్టివేట్ చేస్తాం. లైసెన్స్‌లోని సర్వీస్ చెక్ డేట్ పాతదైతే కొత్త వెర్షన్ బూట్ అవుతుంది గానీ కాన్ఫిగ్ లోడ్ కాదు. అర్ధరాత్రి రెండింటికి ఆ ముచ్చట చూసినవాళ్లకి ప్యాచ్ అంటేనే భయం పట్టుకుంది, ఆ భయమే తమరికి ఇన్నాళ్లూ రక్ష. కొత్త వెర్షన్ ఉన్న ఐఎస్ఓ ఫైలు చెక్‌సమ్ సరిచూసి, ముందు స్టాండ్‌బై పెట్టెలో, ఖాళీగా ఉన్న వాల్యూమ్ మీద ఎక్కించి రీబూట్. పూల్ మెంబర్లు, అంటే వెనకున్న సర్వర్లు, పచ్చగా ఉన్నాయా, వర్చువల్ సర్వర్లు అన్నీ లేచాయా చూసుకుని ఫెయిలోవర్, అంటే ట్రాఫిక్‌ని దాని మీదికి మార్చడం. తర్వాత రెండోది. రెండు పెట్టెల వెర్షన్లు ఒకటయ్యేదాకా ఎవరూ కాన్ఫిగ్ సింక్ నొక్కకూడదు. ఏదైనా తేడా వస్తే పాత వాల్యూమ్ అక్కడే ఉంది, దాన్నుంచి బూట్ చేస్తే సరి.

ప్యాచ్ కన్నా ముందే ఎవరైనా వచ్చి వెళ్లి ఉంటే మాత్రం ప్యాచ్‌తో ఒరిగేదేమీ లేదు. తలుపు మూశాం, మనిషి లోపలే ఉన్నాడు. అలాంటి పెట్టెని శుభ్రమైన ఐఎస్ఓతో మొదటినుంచి కట్టాలి, దాడికి ముందు తీసిన యూసీఎస్‌ని మాత్రమే ఎక్కించాలి. అడ్మిన్, రూట్ పాస్‌వర్డులు, ఎల్‌డాప్ ఖాతా, ఎస్ఎన్ఎంపీ స్ట్రింగ్ మార్చాలి. ప్రైవేట్ కీలు కొత్తవి పుట్టించి, పాత సర్టిఫికెట్లు రద్దు చేయించాలి. ఈ చివరి పని ఎప్పుడూ ‘వచ్చే క్వార్టర్’కి పోతుంది, ఎందుకంటే దానికి పది యాప్ టీముల సంతకాలు కావాలి. లాగులు కూడా పెట్టెలోనివి నమ్మడానికి లేదు, రూట్ అయినవాడికి రబ్బరు కూడా దొరుకుతుంది. మొదటినుంచీ బయటి సిస్‌లాగ్ సర్వర్‌కి పంపిన కాపీయే సాక్ష్యం. మన దేశంలో సైబర్ దాడుల సంగతి చూసే సర్కారు సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంఘటన తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకి చెప్పాలి, 180 రోజుల లాగులు దాచి ఉంచాలి. ఆ 6 గంటల్లో నాలుగు గంటలు ‘ఇది ఇన్సిడెంటా, ఈవెంటా’ అనే కాన్ఫరెన్స్ కాల్‌కే చెల్లిపోతాయని తమరికి వేరే చెప్పాలా?

కాబట్టి ఈ శనివారం రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 3 దాకా ఛేంజ్ విండో తీసుకున్నాం. స్టాండ్‌బై పెట్టెతో మొదలు. అప్రూవల్ ఇవ్వాల్సిన పెద్దమనిషి ఊర్లోనే ఉన్నారు, ఫోన్ ఎత్తుతానని మాటిచ్చారు. 12.1 వెర్షన్ మీద ఉన్న ఆ మూల రాక్‌లోని పెట్టె గారికి మాత్రం ఎక్కించడానికి ప్యాచ్ లేదు. వారిని ఆ రాత్రే ఇంటర్నెట్ నుంచి ఊడబీకి పక్కన పెడతాం, డీకమిషన్ టికెట్ కూడా వేసేశాం.

చిత్తగించవలెను.

ఇట్లు,
రాత్రి షిఫ్ట్ నెట్‌వర్క్ టీమ్