గని వదిలిన కుంట ఊరి కుంట కావాలంటే

నేలను పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ గనుల్లో మట్టి కుప్పల అడుగున, కందకాల చివర ఒక కుంట ఉంటుంది. వానకు కుప్పల మీది నుంచి కొట్టుకొచ్చే ఒండ్రును అక్కడ ఆపి, తేరిన నీటినే వాగులోకి వదలాలి. బొగ్గు గనుల నుంచి బయటికిపోయే నీటిలో తేలాడే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదన్న నిబంధనను నిలబెట్టేవి ఈ కుంటలే. గని మూతపడితే వాటి పని తీరిపోతుంది. గోదావరిఖని నుంచి మణుగూరు, సత్తుపల్లి దాకా ఎండాకాలం మందలు నీటికోసం తిరిగే బొగ్గు ప్రాంతంలో అటువంటి కుంటను పూడ్చి చదును చేయడం తప్పు. ఉన్నదున్నట్టు ఊరికి అప్పగించడం అంతకంటే పెద్ద తప్పు.

తవ్వకం ఆగిన నేలలో తిరిగి గడ్డి పెంచాలని, అది పశుగ్రాసానికీ జీవజాలానికీ పనికొచ్చేలా ఉండాలని గని లీజుల్లో షరతు పెట్టమంటూ 2020 జనవరి 8న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. గడ్డి ఉన్నచోట నీళ్లు లేకపోతే మంద నిలవదు.

చెరువును నీరు నిలవడానికి కడతారు. ఒండ్రు కుంటను పూడటానికి కడతారు. తేడా అంతా ఇక్కడే ఉంది. 200 బర్రెలు రోజుకు 70 లీటర్ల చొప్పున, 1,000 గొర్రెలు 6 లీటర్ల చొప్పున తాగితే రోజుకు 20 ఘనపు మీటర్లు. ఫిబ్రవరి నుంచి మే దాకా 120 రోజులకు 2,400. అదే కాలంలో హెక్టారు విస్తీర్ణమున్న కుంట మీద రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైనా 7,200 ఘనపు మీటర్లు పోతాయి. మందలు తాగేదానికి మూడు రెట్లు ఎండ తాగేస్తుంది. అందుకే హెక్టారులో రెండు మీటర్ల లోతు కంటే అర హెక్టారులో నాలుగు మీటర్ల లోతు మేలు. అయితే ఒండ్రునంతా గీకేస్తే నీరు ఇంకిపోతుంది. అడుగున బంకమట్టి పొర ఒకటి మిగల్చాలి.

పశువులు దిగే వైపు మాత్రం ఆ పొర ఉండకూడదు. నీరు తగ్గేకొద్దీ మెత్తని ఒండ్రు బయటపడుతుంది, దాహంతో దిగిన బర్రె తొడల దాకా కూరుకుపోతుంది. మే నెలలో చావులు జరిగేది ఇలాగే. అక్కడ గట్టి నేల తగిలేదాకా తవ్వి, రాళ్లు పరిచి, పైన మొరం దిమ్మిస చేసి, అయిదడుగులకు ఒక అడుగు కంటే ఎక్కువ వాలు లేకుండా దారి వేయాలి. ఆ దారి కుంట అడుగు దాకా వెళ్లాలి, ఒడ్డునే ఆగకూడదు. కట్టమీద గిట్టలు పడకుండా కంచె కావాలి. ఇంకా మంచిది, తూము గొట్టం నుంచి కట్ట దిగువన తొట్టి కట్టి నింపడం.

పక్షులకు, జింకలకు ఎదుటి ఒడ్డు కేటాయించాలి. అక్కడ మోకాటి లోతు నీళ్లు, తుంగ, పల్చని వాలు ఉండాలి. పశువుల దారినీ ఈ ఒడ్డునూ ఒకే చోట పెట్టకూడదు. లోతులేని కలుపు నీటిలో నత్తలు పెరుగుతాయి, వాటి ద్వారా కార్జపు జలగ (కాలేయంలో చేరే పరాన్నజీవి) మందలకు సోకుతుంది.

నీటి పరీక్ష వానలు వెలిసిన అక్టోబరులో చేసి సరిపెడితే అది పరీక్షే కాదు. ఆవిరవుతున్నకొద్దీ లవణాలు చిక్కబడతాయి. నమూనా మేలో తీయాలి. కరిగిన లవణాలు లీటరుకు 3,000 మిల్లీగ్రాములు, సల్ఫేటు 1,000 మించకుండా ఉండాలి. పేలుడు పదార్థాల్లోని అమ్మోనియం నైట్రేటు అవశేషాలు నీళ్లలో చేరతాయి కనుక నైట్రేటూ చూడాలి. అది నెమరువేసే పశువు కడుపులో నైట్రైటుగా మారి, రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది.

ఇక మత్తడి. తాత్కాలిక కుంటలో వరద నీరు ఇనుప గొట్టం గుండా పోతే, ఆ గొట్టం తుప్పుపట్టి, దాని పక్కనుంచి నీరు దారి చేసుకుని, ఒక రాత్రి కట్ట తెగుతుంది. శాశ్వతం చేయాలంటే గొట్టం పీకి, రాళ్లు పేర్చిన వెడల్పాటి మత్తడి కట్టాలి. కట్టమీద సర్కారు తుమ్మను మొలకలోనే తీసేయాలి. వేరు కుళ్లిన చోట బుంగ పడుతుంది.

అమెరికాలో 1977 నాటి ఉపరితల బొగ్గు గనుల చట్టం కింద శాశ్వత కుంటకు అనుమతి ఊరికే రాదు. నీటి నాణ్యత, నిలకడైన నీటిమట్టం, దిగేవారికి భద్రత, పొరుగు భూముల నీటికి నష్టం లేకపోవడం చూపాలి. ఏడాదికి 26 అంగుళాలు, అంతకంటే తక్కువ వాన పడే చోట గని యజమాని బాధ్యత నాటడం పూర్తయ్యాక 10 ఏళ్లు ఉంటుంది, మిగతా చోట్ల 5 ఏళ్లు. మన దగ్గర బొగ్గు గనుల మూసివేతపై 2009లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షల రూపాయల చొప్పున ఎస్క్రో ఖాతాలో, అంటే షరతులు తీరాకే సొమ్ము విడుదలయ్యే ఖాతాలో, గని యజమానిని వేయమన్నాయి. దశలవారీ పనులకు అందులో 80 శాతం దాకా వెనక్కి తీసుకునే వీలు అప్పట్లో ఉండేది. ఎస్క్రో సొమ్ములో కుంటకు విడిగా ఒక మొత్తం కట్టి, మత్తడి మారి, రెండు మే నెలల పరీక్షలు గట్టెక్కాకే పంచాయతీ సంతకం పెట్టాలి. ఆ లెక్కలు గ్రామసభలో చదివి వినిపించాలి. కట్ట చూసుకునే నీరటికి జీతం ఎవరిస్తారో మూసివేత ప్రణాళికలోనే రాయాలి.