కడబూర మోగేసరికి మీరంతా ప్యారడైజ్ దగ్గరున్నారు

డిసెంబరులో సికింద్రాబాద్ వైపు ఏ క్వయర్ అయినా హాండెల్ అనే స్వరకర్త క్రీస్తు మీద కట్టిన మూడు భాగాల సంగీతరచన 'మెస్సయా' పెట్టుకుందంటే హాలు నిండిపోతుంది. మన ఊళ్లో పాశ్చాత్య సంగీతానికి ఆదరణ లేదనేవాళ్లు ఒకసారి వచ్చి చూడాలి. హాండెల్ అంటే మనవాళ్లకి ప్రాణం. ఎంత ప్రాణమంటే, ఆయన రెండున్నర గంటలకి రాసినదాంట్లో అక్షరాలా నాలుగు నిమిషాలు వింటారు. ఆ నాలుగు నిమిషాలే హల్లెలూయ కోరస్. దానికి ముందున్నదంతా బేగంపేట ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బంధువుల కోసం కుర్చీల మీద కర్చీఫులు వేసి ఉంచడానికి, తర్వాతదంతా పార్కింగ్‌లోంచి బండి తీసుకోడానికి.

నేను క్వయర్‌లో బాస్ (మగవాళ్ల మంద్రగొంతు) వరసలో, అందరికంటే వెనక బల్ల మీద నిలబడతాను. పొడుగు వల్ల వచ్చిన చోటు, గొంతు వల్ల కాదు. అక్కణ్ణుంచి సంగీతం కంటే జనం బాగా కనిపిస్తారు.

వయొలిన్లు హల్లెలూయ ఎత్తుకోగానే అప్పటిదాకా ఆవలిస్తున్న హాలు ఒక్క ఉదుటున లేచి నిలబడుతుంది. వెనకటికి ఇంగ్లండు రెండో జార్జి రాజుగారు ఇది విని లేచారట, రాజు లేచాక మిగతావాళ్లు కూర్చుంటే మర్యాద కాదట. ఆయన అసలు ఆ కచేరీకి వెళ్లాడనటానికే ఆధారం లేదు, ఈ కథ రాతలో కనిపించేది 1780లో, అప్పటికి ఆయన పోయి 20 ఏళ్లు. అయినా లేవండి, కాళ్లు మీవి. కాకపోతే రాజుగారు లేచే ఉంటే గనక, చేతిలో ఫోను పట్టుకుని మాత్రం లేచి ఉండడు.

ఈసారి రెండో వరసలో ఒకావిడ డాలస్‌లో ఉన్న కూతురికి వీడియో కాల్ కలిపింది. "వినబడుతోందటే? మొదలైంది, మొదలైంది! అల్లుడుగారిని కూడా లేపు." అల్లుడుగారు బ్రష్ నోట్లో పెట్టుకుని తెర మీదికొచ్చారు. ఆవిడ వెనకాయన వాళ్లబ్బాయిని కుర్చీ ఎక్కించి చేతికి ఫోనిచ్చాడు, దాని లైటు సూటిగా మా ఆల్టోల (ఆడవాళ్లలో కింది గొంతువాళ్ల) కళ్లల్లో. ఇది మామూలే. అసలు సంగతి చివర్లో ఉంది. హల్లెలూయ మీద హల్లెలూయ పేర్చుకుంటూ వెళ్లి, హాండెల్ ఉన్నట్టుండి మొత్తం ఆపేస్తాడు. వాద్యాలు ఆగుతాయి, గొంతులు ఆగుతాయి, కండక్టర్ చెయ్యి గాల్లో ఉంటుంది. ఆ తర్వాత నిదానంగా, బరువుగా ఆఖరి హల్లెలూయ. ఆ ఖాళీలో ఎవరైనా తొందరపడి నోరు తెరిస్తే ఏడాదంతా వెక్కిరింతలే, అందుకని ఆగస్టు నుంచి మేం నోరు మూసుకోవడం ప్రాక్టీస్ చేశాం. మాలో ఎవరూ తెరవలేదు. యాంకర్ తెరిచింది.

"వావ్! ఒక్కసారి అందరూ గట్టిగా చప్పట్లు!" కొట్టారు. కండక్టర్ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. తననే పిలిచారనుకుని ముఖ్య అతిథి స్టేజీ ఎక్కాడు, ఆయన వెనకే శాలువా పళ్లెం, దాని వెనకే మెమెంటో. ఫొటోగ్రాఫర్ కండక్టర్‌తో "మీరు కొంచెం చెయ్యి దించండి సార్, పెద్దాయన మొహానికి అడ్డమొస్తోంది" అన్నాడు. పెద్దాయన మైకు అందుకుని, చిన్నప్పుడు సండే స్కూల్లో తానూ పాడేవాణ్ణని, ఇలాంటి కార్యక్రమాలు మరెన్నో జరగాలని, తనకి వేరే ప్రోగ్రాం ఉందని చెప్పి దిగిపోయాడు. ఆయనతోపాటు సగం హాలు దిగిపోయింది. ఆఖరి హల్లెలూయ మేం పాడామా అంటే, పాడాం. వీపులకి.

ఇక్కడితో అయిపోయిందనుకునేవాళ్లకి ఒక చేదు వార్త. హల్లెలూయ రెండో భాగం చివర. మూడో భాగం మొత్తం మిగిలే ఉంది. లోకాంతాన చనిపోయినవాళ్లని లేపే కడబూర మోగేది కూడా అందులోనే, బాస్ సోలో, పక్కన ట్రంపెట్. ఈసారి మా కడబూర మోగేసరికి మన భక్తజనం ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర హారన్లు మోగిస్తున్నారు.

టింపనీ (గిన్నె ఆకారపు పెద్ద డ్రమ్ములు) వాయించే కుర్రాడి సంగతి చెప్పాలి. మొత్తం మెస్సయాలో టింపనీకి పని రెండే చోట్ల, హల్లెలూయలో ఒకసారి, చిట్టచివరి 'ఆమెన్' కోరస్‌లో ఇంకోసారి. ఆ రెండింటికోసం అద్దె డ్రమ్ములు ట్రాలీ ఆటోలో తెచ్చుకుని, మేం కత్తిరించి పాడినా సరే గంటన్నర, చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చుంటాడు. మధ్యమధ్యలో చర్మం మీదికి చెవి వంచి, వేలితో మెల్లగా తట్టి శ్రుతి చూసుకుంటాడు. ఆ రెండో సారి వచ్చేటప్పటికి ఎదురుగా మిగిలేది టెంట్‌హౌస్ కుర్చీలు.

ఆ కుర్చీలన్నా కుదురుగా ఉంటాయా! మూడో భాగం మొదలయ్యేది సోప్రానో (ఆడవాళ్ల పై గొంతు) సోలోతో, "నా విమోచకుడు సజీవుడు" అన్న బైబిల్లోని యోబు మాటతో. మన వాళ్ల సమాధి రాళ్ల మీద చెక్కించుకునే వాక్యం అది. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో హాండెల్ సమాధి దగ్గర విగ్రహం పెట్టినప్పుడు దాని ముందు చెక్కింది కూడా ఈ పాట కాగితమే, మీ హల్లెలూయ కాదు. మాలో దాన్ని పాడేది ఒక నర్సు. నైట్ డ్యూటీ దిగి, రెండు బస్సులు మారి రిహార్సల్‌కి వచ్చేది, ఒక్క పైసా తీసుకోదు. ఆమె మొదటి స్వరం పట్టుకోగానే వెనకనుంచి టప్, టప్, టప్ అని కుర్చీ మీద కుర్చీ పేరుస్తున్నారు. కుర్చీల పిల్లలది తప్పు కాదు, "అయిపోయింది, సర్దేయండి" అని కమిటీవాళ్లే చెప్పారు. ఆ కమిటీ పెద్దలకి సిగ్గుండాలి. నాలుగు నెలలు ఆఫీసులు, బళ్లు, రైల్వే షిఫ్టులు ముగించుకుని ఒక ఫ్యాను కింద నలభైమంది చెమటోడ్చింది మీ ఫ్లెక్సీకి వెనక తెరలా నిలబడడానికా? శాలువాకి డబ్బులుంటాయి, వయొలిన్లవాళ్లకి ఆటో చార్జీలకి ఉండవు! పాట అక్కర్లేకపోతే అక్కర్లేదని చెప్పండి, స్పీకర్లో పెట్టుకోండి, ఆ అమ్మాయిని ఇంటికెళ్లి పడుకోనివ్వండి.

1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో మొదటిసారి దీన్ని పాడినప్పుడు (అవును, ఏప్రిల్, క్రిస్మస్ కాదు) చోటు సరిపోదని ఆడవాళ్లని గౌన్ల కింద వలయాలు వేసుకోవద్దని, మగవాళ్లని కత్తులు ఇంట్లో పెట్టి రమ్మని బతిమాలుకున్నారు. వాళ్లు విన్నారు. వచ్చిన డబ్బులో కొంత పెట్టి, అప్పు కట్టలేక జైల్లో మగ్గుతున్న 142 మందిని విడిపించారు. కత్తులు వదిలి రమ్మంటే వదిలొచ్చిన జనం వాళ్లు. మనవాళ్లని ఫోను సైలెంట్‌లో పెట్టమనే ధైర్యం కూడా మన కమిటీకి లేదు.

మొన్నటి మీటింగులో వచ్చే ఏడాదికి ఏం చేద్దామని అడిగారు. హల్లెలూయని చివరికి జరుపుదామని ఒకాయన, అదొక్కటే మూడుసార్లు పాడితే సరిపోతుందని ఇంకొకాయన. నేను చెప్పింది మాత్రం రికార్డుల్లోకి ఎక్కింది: బిర్యానీ కూపన్లు గేటు దగ్గర పంచొద్దు, ఆఖరి ఆమెన్ అయ్యాక టింపనీ కుర్రాడి చేత ఇప్పించండి.