పద్దెనిమిది డిగ్రీల గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పద్దెనిమిది డిగ్రీల గారి దివ్య సముఖానికి,

హైదరాబాదులో మే నెల. బయట 42, లోపల మీరు. మా ఆఫీసులో కుర్చీ కుర్చీకీ ఒక స్వెట్టరు వేలాడుతోంది. ఒక్క మెయిల్‌కి జవాబిచ్చేలోగా టీ మీద మీగడ కడుతోంది. ఏసీ తగ్గించమంటే "సెంట్రల్ ఏసీ మేడం, మా చేతుల్లో లేదు" అంటారు. మరి మీరు ఎవరి చేతుల్లో ఉన్నారో దేవుడికెరుక.

మీ వంశవృక్షం తిరగేశాను. డెన్మార్క్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ ఓలె ఫాంగర్, మనిషికి ఎంత వేడి హాయో చెప్పే సమీకరణాన్ని 1970లో పుస్తకంగా వేశారు. అమెరికా, డెన్మార్క్ కాలేజీ పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి తేల్చిన లెక్క అది. అందులోనూ మీరు లేరు! సూటు వేసుకుని కూర్చున్నవాడికి కూడా 20 దాటాకే హాయి. మీరు పూర్తిగా స్వయంభువులన్నమాట.

ఇక మన ఊరి సంగతి. 2008లో పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి గారు హైదరాబాదు అపార్టుమెంట్లలో తిరిగి, ఎండాకాలంలోనూ వానల్లోనూ జనాన్ని అడిగి చూశారు. వాళ్లు హాయిగా ఉందన్నది దాదాపు 29 డిగ్రీల దగ్గర. (నెత్తిన స్లాబు కాలే పై అంతస్తు వాళ్ల బాధ వేరే అనుకోండి. వాళ్లకు కావాల్సింది టెర్రస్ మీద తెల్ల సున్నం, మీరు కాదు.) కిటికీ తీసి, ఫ్యాను కింద నూలు బట్టల్లో 29కి బాగానే ఉన్న మనిషి, ఆఫీసు గేటు దగ్గర బ్యాడ్జీ చూపించగానే 18 లేకపోతే బతకడని మీకెవరు చెప్పారండీ?

అయినా భక్తులకేం కొదవ! ఎండలోంచి రాగానే 18 పెడితే గది తొందరగా చల్లబడుతుందని వాళ్ల నమ్మకం. ఇన్వర్టరు లేని, అంటే వేగం మార్చుకోలేని ఏసీలో కంప్రెసరు 24కైనా 18కైనా ఒకే వేగంతో తిరుగుతుంది, 18 పెడితే ఓ పట్టాన ఆగదంతే. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ మొత్తుకుంటూనే ఉంది. 2020 నుంచి కొత్త స్టార్ రేటింగ్ ఏసీలు 24 దగ్గరే మొదలవ్వాలన్నారు. ఏం లాభం? మనవాళ్లు ఆరుసార్లు నొక్కి మరీ మీ దర్శనం చేసుకుంటున్నారు.

2025 జూన్‌లో కేంద్రమంత్రి ఏసీలు 20 కంటే కిందికి దిగకుండా హద్దు గీస్తామన్నప్పుడు మా స్వెట్టర్ల సంఘం స్వీట్లు పంచుకుంది. అది అమలయ్యేదాకా మీరెలాగూ కదలరు కాబట్టి ఒక్క విన్నపం. సోమవారం బోర్డు రూములో నా అప్రైజల్ ఉంది. నేను వణికితే మేనేజరు భయపడ్డాననుకుని హైక్ కోసేస్తారు. ఆ గంటసేపైనా సెలవు పెట్టండి.

ఇట్లు,
స్వెట్టర్ల సంఘం తరఫున ఒక ఉద్యోగిని