బెడ్ ఎవరికి? తేల్చేది ఎవరు?

2021 మే నెలలో, కరోనా రెండో ఉద్ధృతి నడుమ, ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్ బయల్దేరిన అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దుల్లో ఆపేశారు. హైదరాబాద్ ఆస్పత్రిలో బెడ్ ఖాయమైందని, కంట్రోల్ రూమ్ అనుమతి ఉందని చూపిస్తేనే లోనికి రానిస్తామన్నది ప్రభుత్వ ఆదేశం. ఆక్సిజన్ మీద ఉన్న రోగులు రోడ్డు మీదే ఉండిపోయారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపేసింది. మన బెడ్లు ముందు మనవాళ్లకు అన్న వాదనకు అప్పట్లో తెలంగాణలో మద్దతు లేకపోలేదు. అదీ ప్రజాభిప్రాయమే. కాకపోతే దాన్ని ఎవరూ చర్చకు పెట్టలేదు. ఒక సర్క్యులర్, నాలుగు బారికేడ్లు చాలనుకున్నారు.

ఆ తర్వాత కొన్ని వారాలకే బ్లాక్ ఫంగస్ మందు ఆంఫోటెరిసిన్-బి కరువైంది. ఉన్న కాసిని ఇంజెక్షన్లు ఎవరికి ముందివ్వాలో విధానం చెప్పాలని ఢిల్లీ హైకోర్టు కేంద్రాన్ని అడిగింది. పెద్దవాళ్లు తమ జీవితం చూసేశారు, ముందు యువతను కాపాడుకోవాలన్న అర్థంలో వ్యాఖ్యానించింది కూడా. చంటిపిల్లల తండ్రికా, డెబ్బై ఏళ్ల తాతకా అని అడిగితే మనలో చాలామంది తండ్రికే అంటాం. తాతను అడిగినా అదే అంటాడేమో. కానీ ఆ తాత పింఛను మీదే ఇల్లు నడుస్తుంటే? ఆ యువకుడు మందిచ్చినా బతికే అవకాశం తక్కువని డాక్టర్లు చెబితే? మొదటి జవాబు అంత తేలిగ్గా నిలబడదు.

బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి ఏ చికిత్సలు కొనాలో సూచించే సంస్థ నైస్. అది 2002లో 30 మంది సామాన్యులతో పౌరమండలి ఏర్పాటు చేసి, ఇదే వయసు ప్రశ్నను వారి ముందు పెట్టింది. వాళ్లు నిపుణులను ప్రశ్నించారు, తమలో తాము వాదించుకున్నారు. ఒక వయసువారి ఆరోగ్యం మరో వయసువారి కన్నా విలువైనది కాదని, చికిత్స వల్ల కలిగే మేలు, ముప్పు వయసును బట్టి మారే చోటే వయసును లెక్కలోకి తీసుకోవాలని తేల్చారు. మన దగ్గర కేంద్రం 2023లో దాదాపు అటువైపే నడిచింది. మరణించిన దాతల అవయవాల కోసం 65 ఏళ్లు దాటినవారు పేరు నమోదు చేసుకోరాదన్న పరిమితిని తీసేసింది, ఆ రాష్ట్రం వాళ్లే అయి ఉండాలన్న షరతునూ ఎత్తేయమంది. నిర్ణయం మంచిదే. కానీ వయసు, స్థానికత వంటి రెండు పెద్ద ప్రశ్నలు జనం నోట పలకకుండానే ఆఫీసు కాగితాల్లో తేలిపోయాయి.

జనాన్ని అడిగితే అంతా సాఫీగా సాగుతుందని మేం అనడం లేదు. అమెరికాలోని ఓరెగాన్ అనుభవమే చూడండి. 1987లో ఆ రాష్ట్రం పేదల వైద్య పథకం మెడికెయిడ్‌లో అవయవ మార్పిడులకు నిధులు ఆపి, గర్భిణులు, పిల్లల ప్రాథమిక వైద్యం వైపు మళ్లింది. ఆ ఏడాది చివర్లోనే లుకేమియాతో ఉన్న ఏడేళ్ల బాలుడు ఎముక మజ్జ మార్పిడికి డబ్బు అందక చనిపోయాడు. రాష్ట్రం అట్టుడికిపోయింది. అప్పటి రాష్ట్ర సెనేట్ అధ్యక్షుడు జాన్ కిట్జ్‌హేబర్ స్వయంగా ఎమర్జెన్సీ డాక్టర్. చికిత్సలన్నిటికీ వరుస నంబర్లు ఇద్దాం, డబ్బు ఎక్కడిదాకా వస్తే అక్కడ గీత గీద్దాం, గీతకు పైనున్నవి పేదలందరికీ ఇద్దాం అంటూ ఆయన చొరవతో 1989లో చట్టాలు వచ్చాయి. మరుసటి ఏడాది 47 చోట్ల సభలు పెట్టారు. వెయ్యి మందిని ఫోన్లో అడిగారు. తీరా ఖర్చు, ప్రయోజనం లెక్కగట్టి తయారైన తొలి జాబితాలో పంటికి తొడుగు వేయడం అపెండిసైటిస్ ఆపరేషన్ కన్నా పైన నిలిచింది! ఏ సూత్రం ప్రకారం సరైనా, కళ్లెదుట చచ్చిపోయేవాణ్ని వదిలేసి పన్ను చూడమంటే ఒప్పుకునే ఊరు ఎక్కడుంది? జాబితా తిరగరాశారు. వికలాంగుల పట్ల వివక్ష ఉందంటూ 1992లో అమెరికా కేంద్ర ప్రభుత్వం తిప్పికొడితే మళ్లీ సవరించారు. చివరికి 1994 ఫిబ్రవరిలో 696 చికిత్సల జాబితా, 565 దగ్గర గీతతో అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఏ పథకమూ లేని పేదలు ఎందరికో వైద్యం అందింది. లోపం మరోచోట ఉంది. ఆ సభలకు వచ్చినవారిలో ఎక్కువమంది వైద్యరంగంలో పనిచేసేవాళ్లు, చదువుకున్నవాళ్లు. గీత ఎవరి నెత్తిన పడుతుందో ఆ మెడికెయిడ్ పేదలు కనిపించింది తక్కువ.

మనకు గీతలు లేవని ఎవరైనా అంటే నమ్మొద్దు. 2007లో ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్లతో మొదలైనప్పుడే ఒక గీత పడింది. 2023 డిసెంబరులో పథకం పరిమితిని తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచినప్పుడు మరొకటి. ఆ సొమ్ములో కొంత పీహెచ్‌సీలో బీపీ, షుగర్ మాత్రలకో, పాముకాటు మందుకో, ఉద్దానంలో డయాలసిస్ దాకా రాకముందే కిడ్నీ జబ్బును పట్టే పరీక్షలకో వెళ్లాలా అని ఎవరూ అడగలేదు. అడిగితే జనం ఆపరేషన్లకే ఓటేస్తారేమో. వేయనివ్వండి, ముందు లెక్కలు వాళ్ల చేతికిచ్చి.

ఇక వెంటిలేటర్ బెడ్‌కు, ఐసీయూకు పద్ధతి మనందరికీ తెలిసిందే. ఎమ్మెల్యే లెటర్, మంత్రి పేషీ నుంచి ఒక ఫోను, చికిత్స ఖర్చుకు ఆస్పత్రికి ముందే హామీ ఇచ్చే సీఎం సహాయనిధి లేఖ (ఎల్‌వోసీ). ఏడ్చిన పిల్లకే పాలంటారు. ఉట్నూరు గూడెంలోనో, సీతంపేట ఏజెన్సీలోనో ఏడిస్తే రాజధానికి వినపడదు. సిఫారసు మీద బెడ్ దొరికినవాణ్ని తప్పుపట్టలేం. ఇంట్లోవాళ్ల ప్రాణం మీదికొస్తే ఎవరైనా అదే చేస్తారు.

అసలు పంపకం మాటే వద్దు, ఆస్పత్రులు పెంచండి చాలు అనేవారున్నారు. పెంచాల్సిందే. ప్రభుత్వ వైద్య వ్యయాన్ని 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి తెస్తామన్న 2017 జాతీయ ఆరోగ్య విధానం మాట నిలబడలేదు, దానికి పాలకులు జవాబు చెప్పాలి. అయితే రేపు కొత్త బ్లాకు కడతారని ఇవాళ రాత్రి ఒక్క ఖాళీ వెంటిలేటర్ ముందు ఉన్న ముగ్గురు రోగులు ఆగలేరు.

అందుకే రెండు ప్రభుత్వాలూ ఓటర్ల జాబితా నుంచి లాటరీ తీసి, జిల్లాకు కొందరి చొప్పున ఈ ప్రశ్నలపై చర్చకు పిలవాలి. డయాలసిస్ రోగులు, ఆశా కార్యకర్తలు, తండాల వాళ్లు అందులో తప్పనిసరిగా ఉండాలి. కూలి పోకుండా ఆ రోజులకు భత్యం ఇవ్వాలి. వాళ్లు చెప్పినదాన్ని ఒప్పుకోకపోతే ఎందుకో శాసనసభలో చెప్పాలి. నిమ్స్, గాంధీ, కేజీహెచ్‌లలో ఐసీయూ బెడ్ కేటాయింపు నిబంధనలు తెలుగులో గోడకు అంటించాలి. వరుస ప్రకారం ఇచ్చినవెన్ని, సిఫారసు మీద ఇచ్చినవెన్ని అన్న లెక్క నెలనెలా బయటపెట్టాలి. దీంతో ఎమ్మెల్యేలకూ కొంత టెన్షన్ తగ్గుతుంది. పొద్దున్నే ఇంటి ముందు నిలబడే రోగుల బంధువులకు ‘ఇది నా చేతిలో లేదు’ అని తొలిసారి నిజమే చెప్పగలుగుతారు.