సవరణ: కాలమజూ ఆర్చ్‌టాప్ మెడలో తిప్పే ట్రస్ రాడ్ ఉండదు

మిషిగన్‌లోని మిత్రుడికి తాతగారి నుంచి వచ్చిన ఆర్చ్‌టాప్ (పైపలక ఉబ్బెత్తుగా ఉండే) గిటార్ గురించి గత పోస్టులో రాశాను. అందులో రెండు విషయాలు మారుస్తున్నాను.

మొదటిది, గిటార్ తల మీద (తీగలు బిగించే చివర) ఉన్న 'కాలమజూ' అన్నది మిషిగన్‌లోని ఊరి పేరే కాదు, బ్రాండ్ పేరు కూడా. 1930లలో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, గిబ్సన్ గిటార్ల కంపెనీ ఆ ఊళ్లోని తన ఫ్యాక్టరీలోనే తక్కువ ధరకు తయారుచేసి అమ్మిన గిటార్లివి. కాబట్టి "గిబ్సన్ కాదు, ఏదో చవక రకం" అన్న మాట తీసేయండి.

రెండోది ముఖ్యం. మెడ వంగితే ట్రస్ రాడ్ (మెడ లోపల, వంపు సరిచేసే లోహపు కడ్డీ) తిప్పి సరిచేయమన్నాను. ఈ గిటార్లో తిప్పే రాడ్ లేదు. గిబ్సన్ పేరుతో వచ్చిన వాటిలో నట్ (మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ) పైన, తల మీద, గంట ఆకారపు చిన్న ప్లేటు కనిపిస్తుంది. దాని కిందే రాడ్ మర ఉంటుంది. ఇక్కడ ఆ ప్లేటే లేదు. అది లేని గిటార్లో మర కోసం వెతుకుతూ ఎవరూ ఏమీ తవ్వకండి, దయచేసి. లైట్ గేజ్ (సన్నని) తీగలు వేయండి. వంపు ఎక్కువగా ఉంటే అనుభవమున్న లూథియర్‌కి (గిటార్లు చేసే, బాగుచేసే పనివాడికి) చూపించండి.

తీగలన్నీ ఒకేసారి విప్పొద్దు, బ్రిడ్జ్ (పైపలక మీద తీగలను మోసే ముక్క) అతికించి ఉండదు, జారిపోతుంది. పాత సెల్యులాయిడ్ (ఒక పాతకాలపు ప్లాస్టిక్) పిక్‌గార్డ్, అంటే గీతలు పడకుండా పెట్టే రేకు, పొడిపొడిగా రాలుతుంటే మాత్రం వెంటనే తీసి వేరేచోట పెట్టండి. దాన్నుంచి వచ్చే ఆవిరి టెయిల్‌పీస్‌నీ (తీగల కింది చివర్లు పట్టి ఉంచే లోహపు భాగాన్ని), తీగలనీ తుప్పు పట్టిస్తుంది.