తడిసిన గడ్డి లెక్కకు రాదా?

గింజ తడిస్తే అధికారులు పొలానికి వస్తారు, తేమ శాతం చూస్తారు, పరిహారం మాట వినిపిస్తుంది. కోసి ఆరేసిన గడ్డి మీద వాన పడితే సాధారణంగా ఎవరూ రారు. రైతే దాన్ని రెండు మూడు సార్లు తిరగేసి, ఆరిందనిపించాక కట్టలు కట్టి వామి వేసుకుంటాడు. ఆ తర్వాత నష్టం పశువు మీద పడుతుంది. పాలు తగ్గడం, ఎద ఆలస్యం కావడం, దూడ బలహీనంగా పుట్టడం నెలల తర్వాత గానీ బయటపడవు. అప్పటికి ఆ వాన సంగతే ఎవరికీ గుర్తుండదు. పశుగ్రాసం తడిసినా పంట నష్టం కిందే లెక్కగట్టాలని, సాయం కూడా పశువుకు పనికొచ్చే రూపంలో, పనికొచ్చే సమయంలో అందాలని మేం కోరుతున్నాం.

వాన గడ్డిని ఏం చేస్తుందో తెలిస్తే ఈ కోరికలో అతిశయం లేదని అర్థమవుతుంది. కోసిన గడ్డిలో తేమ బాగా తగ్గేదాకా కణాలు బతికే ఉంటాయి, తమలోని చక్కెరలను ఖర్చు చేస్తూనే ఉంటాయి. మధ్యలో వాన పడితే ఆ ఖర్చు ఇంకా సాగుతుంది. పైగా నీళ్లలో కరిగే చక్కెరలు, పొటాషియం, బి విటమిన్లు కొట్టుకుపోతాయి. అప్పుడే కోసిన గడ్డి కన్నా దాదాపు ఆరిన గడ్డి తడిస్తేనే నష్టం ఎక్కువ. పప్పుజాతి పశుగ్రాసమైతే ఆకులు రాలిపోతాయి, అసలు పోషకాలుండేది వాటిలోనే. పదేపదే తడిసి ఎండితే రంగు వెలిసి కెరోటిన్ పోతుంది, దాంతో పశువుకు విటమిన్ ఎ కరువవుతుంది. చక్కెరలు పోయినప్పుడు మిగతావాటి వాటా పెరుగుతుంది కాబట్టి పరీక్షలో ప్రొటీన్ శాతం పెద్దగా తగ్గినట్టు కనబడకపోవచ్చు. ఆ ఒక్క అంకె చూసి గడ్డి బాగానే ఉందనుకోకూడదు. ముందుగా పోయేది శక్తి, పెరిగేది అరగని పీచు.

"ఆకలేస్తే అదే తింటుందిలే" అనే మాట పల్లెల్లో తరచూ వింటాం. ఇది నిజం కాదు. గడ్డిని అరిగించేది పశువు పొట్టలోని సూక్ష్మజీవులు. మేతలో ప్రొటీన్ 7 శాతం కన్నా తగ్గితే వాటికే తిండి చాలదు. పీచు నెమ్మదిగా అరుగుతుంది, పొట్ట ఖాళీ కాదు, పశువు మళ్లీ మేతకు మూతి పెట్టదు. మంచి గడ్డి దొరికితే 400 కిలోల ఆవు రోజుకు 10 కిలోల దాకా పొడి మేత తింటుంది. నాసిరకం గడ్డి ఎంత ముందేసినా ఆరేడు కిలోలకే ఆగిపోతుంది. డొక్కలు నిండుగా కనిపిస్తుంటాయి, ఒంట్లో కండ కరిగిపోతుంటుంది. చివరి మూడు నెలల చూడి పశువుకు ఈ పరిస్థితి వస్తే ఈనాక తేరుకోవడం చాలా కష్టం.

బూజు సంగతి వేరు, అది మరింత ప్రమాదం. కట్టే సమయానికి తేమ 15 నుంచి 18 శాతం లోపు ఉండాలి. 20 దాటితే వామి లోపల వేడి పుడుతుంది, బూజు పెరుగుతుంది. వేడి బాగా ముదిరితే గడ్డి గోధుమ రంగుకు తిరిగి పాకం లాంటి వాసన వేస్తుంది. పశువులు దాన్ని ఇష్టంగానే తింటాయి, కానీ అందులో ప్రొటీన్ పీచుకు అతుక్కుపోయి పేడలో బయటికి పోతుంది. ఇంకా వేడెక్కితే వామి తనంతట తానే అంటుకుంటుంది. బూజుల్లో కొన్ని చూడి పశువులు ఈసుకుపోవడానికి, అంటే గర్భస్రావానికి, కారణమవుతాయి. కొన్ని విడుదల చేసే అఫ్లాటాక్సిన్ అనే విషం రూపం మారి పాలలోకి వస్తుంది, అంటే మన పిల్లల గ్లాసుల్లోకి. ఆ దుమ్ము పీల్చే మనిషి ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి.

1920ల్లో ఉత్తర అమెరికాలో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే పప్పుజాతి గడ్డి తిన్న పశువులు చిన్న గాయానికే నెత్తురు ఆగక చనిపోయాయి. ఆ గడ్డిలోంచే అమెరికాలోని విస్కాన్సిన్‌లో శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ బృందం నెత్తురు గడ్డకట్టనివ్వని డైకుమరాల్ అనే పదార్థాన్ని వేరు చేసింది. నేడు గుండె రోగులు వాడే వార్ఫరిన్ మందు దాని నుంచి వచ్చిందే. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు తోక, చెవులు, కాళ్లు కుళ్లిపోయే డెగ్నాలా వ్యాధి వస్తుంది. కాబట్టి బూజు గడ్డిని మంచి గడ్డిలో కలిపి పెట్టడం పొదుపు కాదు.

బూజు లేకుండా కేవలం తడిసి వెలిసిన గడ్డిని మాత్రం పారేయనక్కర్లేదు. దాన్ని వట్టిపోయిన, ఒళ్లున్న పశువులకు వాడుకుని, మంచి గడ్డిని పాడి పశువులకు, ఈనబోయేవాటికి, దూడలకు దాచాలి. వెంట నూనె చెక్క, ఖనిజ లవణ మిశ్రమం ఉండాలి. కొద్ది చెక్కతోనే పొట్టలోని సూక్ష్మజీవులు పుంజుకుంటాయి, పశువు గడ్డి కూడా ఎక్కువ తింటుంది. ఎండు వరిగడ్డి లాంటి నాసిరకం మేతకు యూరియా శుద్ధి ఉంది. 100 కిలోలకు 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి సమానంగా చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచాలి. యూరియాను నేరుగా తింటే పశువు ప్రాణమే పోతుంది. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి పెట్టకూడదు. అందుకే మొదటిసారి చేసే రైతు పక్కన పశువైద్య సిబ్బంది ఉండాలి.

చెక్క కొనడానికి డబ్బేదీ అని రైతు అడిగితే అది న్యాయమైన ప్రశ్న. గడ్డి పాడైన ఏడాది గింజ కూడా పాడై ఉంటుంది. అందుకే నగదు పరిహారం ఎప్పుడో రావడం కన్నా, వాన వెలిసిన కొద్ది రోజుల్లోనే పాల సంఘాల ద్వారా రాయితీ మీద చెక్క, దాణా ఇవ్వడం మేలు. టార్పాలిన్లు, తేమ కొలిచే మీటర్లు పాల సేకరణ కేంద్రాల్లో అద్దెకు దొరకాలి. చూడి పశువులున్న ఇళ్లకు సాయం ముందు చేరాలి. గడ్డి నమూనా ఇస్తే ప్రొటీన్, పీచు, బూజు విషాలు పరీక్షించే ఏర్పాటు రైతుకు అందుబాటులో ఉండాలి, ఆ ఫలితం వామి సగం తరిగాక కాదు, వారంలోగా అతని చేతికి రావాలి.