రౌటర్‌లోని క్యూఓఎస్ పేజీ గారికి, 'హై ప్రయారిటీ' వినియోగదారుడు రాసుకున్న లేఖ

గౌరవనీయులైన క్యూఓఎస్ పేజీ గారికి,

నమస్కారాలు. ఇంట్లో ఎవరి డేటా ముందు పోవాలో తేల్చే సెట్టింగుల పేజీ మీరు; క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పనీపాటా లేనివారి క్షేమానికి లోటేముంటుంది?

నిన్న మధ్యాహ్నం జరిగినది మీ దృష్టికి తేవడానికి ఈ నాలుగు ముక్కలు. ఒక పాఠ్యపుస్తకాల సంస్థలో సంపాదకుడి ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూ. ఎదురుగా ముగ్గురు పెద్దలు. "గడువులోగా పని అందించగలరా?" అని అడిగారు. "గడువు దాటడం నా పద్ధతి కాదు" అన్నాను. అవతలికి చేరింది "గడువు దాటడం నా పద్ధతి" వరకే. పైగా నేను ధీమాగా నవ్వుతున్న బొమ్మ వాళ్ళ తెర మీద అలాగే బిగుసుకుపోయిందట. వారిలో పెద్దాయన కాసేపు ఆగి, "మీ నిజాయితీ నచ్చిందండీ" అన్నారు. ఆ మాట మాత్రం ఒక్క పొల్లు పోకుండా నాకు వినిపించింది.

వినిపించదా మరి! వచ్చే దారి ఖాళీ. నిండిపోయింది పోయే దారి. ఆ సమయానికి మేడమీద మా బావమరిది తన పెళ్ళి వీడియోను, డ్రోన్ దృశ్యాలతో సహా, క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నాడు. అతన్ని ఏమీ అనను. పెళ్ళి అతనిది, ఉత్సాహం అతనిది. ఇంట్లో ఒకరు వీడియో ఎక్కిస్తుంటే మరొకరి మాట తెగిపోకూడదనే కదా లోకంలో మీరు పుట్టింది?

అందుకే మొన్న ఆదివారం మీ సన్నిధిలో కూర్చున్నాను. నా ల్యాప్‌టాప్ గుర్తింపు సంఖ్య, అదే మాక్ అడ్రస్, పన్నెండు అక్షరాలూ తప్పు లేకుండా కొట్టి 'హై'లో పెట్టాను. టీవీని 'మీడియం'లో, బావమరిది ల్యాప్‌టాప్‌ను 'లో'లో వేశాను. కొత్త పెళ్ళికొడుకు హోదాలో ఉన్నవాడిని అలా కిందికి దించినందుకు మా ఇంట్లో ఏ గొడవ జరిగిందో మీకు అనవసరం. లైను వేగం 40 ఎంబీపీఎస్ అని రెండు గడుల్లోనూ నింపాను. మీరు ప్రతి మార్పుకీ పెట్టెను ఆర్పి వెలిగించారు, ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టారు. ఆ తర్వాత ఆకుపచ్చ టిక్కు పెట్టి, సెట్టింగులు విజయవంతంగా భద్రమయ్యాయని ప్రకటించారు.

నిన్న ఇంటర్వ్యూ అయ్యాక ఆ ప్రకటనే నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ఈ రౌటర్ ఉన్నది బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే దారి చూపే పని మానేసి వట్టి వంతెనగా. ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు గోడకు బిగించిన ఫైబర్ పెట్టె పాస్‌వర్డ్ ఇవ్వరు, దాన్ని తీయనివ్వరు. కనెక్షన్ డయల్ చేసేది అదే, ఇంట్లో ఫోన్లకూ టీవీకీ చిరునామాలు పంచేది అదే, ఇంట్లోని అన్నిటినీ ఒకే బయటి చిరునామా మీద నడిపించే న్యాట్ చేసేదీ అదే. మీ పెట్టె వైఫై పట్టుకుని తీగలోకి నెడుతుంది, అంతవరకే. మీ పేజీని వెతుక్కుంటూ అలవాటుగా 192.168.1.1 కొడితే పలికింది కూడా ఆ గోడ మీది పెట్టే. మీరు ఏ చిరునామాకు మారారో పట్టుకోవడానికి మళ్ళీ దాని జాబితాలోనే వెతకాల్సి వచ్చింది. కస్టమర్ కేర్ వారికి ఇదంతా చెబితే, "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అన్నారు. వాళ్ళ గురించి మరో లేఖ రాస్తాను.

ఏతావాతా మీ పరిస్థితి ఇది: బదిలీ ఉత్తర్వులు అందుకున్న తహసీల్దారు పాత కుర్చీలోనే కూర్చుని, వచ్చిన ప్రతి అర్జీ మీదా 'మంజూరు' అని స్టాంపు గుద్దుతూ ఉంటే ఎలా ఉంటుందో అలా ఉన్నారు.

ఇళ్ళలో వాడే చాలా రౌటర్లలో ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, వర్గాలుగా విడదీసే పని ఇంటి వైపు నుంచి ఇంటర్నెట్ వైపుకు రౌటింగ్ జరిగే చోట ఉంటుంది. బ్రిడ్జ్ మోడ్‌లో ప్యాకెట్లు ఆ గుమ్మం తొక్కవు, కింది పొరలోనే ఇటు నుంచి అటు జారిపోతాయి. నా గొంతు పోయిందో, పెళ్ళి వీడియో పోయిందో మీరు తల ఎత్తి చూసే అవకాశమే లేదు. ఇక రద్దీ ఏర్పడేది ఎప్పుడూ ఇరుకైన చోటే. మీ పెట్టె నుంచి గోడ దాకా గిగాబిట్ తీగ, గోడ నుంచి బయటికి 40 ఎంబీపీఎస్. కాబట్టి క్యూ కట్టేది గోడ మీది పెట్టెలో. అక్కడ హై లేదు, లో లేదు, ముందు వచ్చినవాడు ముందు పోతాడు. ఆ పెట్టెలో ఒక్క మెగాబైటు పేరుకుంటే, 40 ఎంబీపీఎస్ లైను మీద అది ఖాళీ కావడానికి 200 మిల్లీసెకన్లు పడుతుంది. మాట ఒక వైపు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వారి జీ.114 సిఫార్సు. పెట్టె పూర్తిగా నిండిపోయాక వచ్చినవాటికి ఆలస్యం కూడా ఉండదు, బయటికి గెంటడమే. నా 'కాదు' అక్కడే గంగలో కలిసింది.

సాక్ష్యం లేకుండా నింద వేయడం నా పద్ధతి కాదు (దయచేసి ఈ వాక్యం చివరిదాకా చదవండి). ఈరోజు పొద్దున బావమరిదిని బతిమాలి మరో పెద్ద ఫైలు ఎక్కించమన్నాను. పింగ్ పెట్టి, అంటే చిన్న ప్యాకెట్ ఒకటి పంపి ఎంతసేపట్లో తిరిగొస్తుందో కొలిచి చూస్తే, ఖాళీగా ఉన్నప్పుడు పది మిల్లీసెకన్ల లోపు తిరిగి వచ్చేది కాస్తా వందల్లోకి ఎగబాకింది. తర్వాత మా ఇద్దరి పదవులు తారుమారు చేశాను. అతను 'హై', నేను 'లో'. అవే వందలు. అందరినీ 'లో'లో పడేశాను. అవే వందలు. మీరు మాత్రం ప్రతిసారీ పెట్టెను ఆర్పి వెలిగించి, వంద దాకా లెక్కపెట్టి, అదే ఆకుపచ్చ టిక్కు పెట్టారు.

పోనీ ఇది ఎవరికీ అంతుబట్టని సమస్యా అంటే, కాదు. 1981లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 791 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రతి ఐపీ ప్యాకెట్ నుదుటిమీదా ఇది ఎలాంటి సరుకో రాసుకోవడానికి ఒక బైటు కేటాయించింది. 1998లో అందులో ఆరు బిట్లకు కొత్త అర్థం ఇచ్చి 64 విలువలకు చోటు చేశారు. ఆ సిఫార్సు ఉత్తరాన్ని దారిలో ఎవరూ చదవనక్కర్లేదన్నది వేరే సంగతి. 2010 చివర్లో జిమ్ గెటిస్ అనే ప్రోగ్రామర్, పెట్టెలో క్యూ పేరుకుపోయి ఆలస్యమయ్యే ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. 2012లో కేథలీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ కోడెల్ అనే మందు కనిపెట్టారు. ప్యాకెట్ క్యూలో ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. ఆ నిరీక్షణ 5 మిల్లీసెకన్లకు మించి అలాగే కొనసాగుతుంటే కొన్నింటిని వదిలేసి, పంపేవాడికి నెమ్మదించమని సంకేతమిస్తుంది. 2018లో దాని తోబుట్టువు ఎఫ్‌క్యూ-కోడెల్‌కు ఆర్‌ఎఫ్‌సీ 8290 వచ్చింది. అదే ఏడాది ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ 4.19లో కేక్ అనే ఇలాంటి మందు కూడా చేరింది. ఇవన్నీ ఉచితం.

మరి నీ కడుపులో ఉన్నది ఏమిటి? లైనక్స్. పెట్టెతో వచ్చిన కాగితంలో, చీమ తలకాయంత అక్షరాల్లో, లైనక్స్‌కు వర్తించే జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు ప్రకటన ఉంది. వైఫై నుంచి తీగలోకి వెళ్ళే చోట, ఆ పోర్టు గుమ్మంలో, క్యూ కట్టించడానికి రౌటింగ్ అక్కర్లేదు. బ్రిడ్జ్ అయినా సరే. అక్కడ వేగాన్ని 40కి బదులు 36కు కడితే రద్దీ గోడ మీది పెట్టెలో కాకుండా నీ దగ్గరే ఆగుతుంది. అప్పుడు నా మాటను ముందు పంపి, పెళ్ళి వీడియోను పది సెకన్లు వెనక్కి నెట్టడం నీ చేతిలో పని. చేయగలిగి ఉండీ చేయలేదు! ఆరు యాంటెనాలు పెట్టడానికి డబ్బు దొరికింది, అట్టపెట్టె మీద డ్రాగన్ బొమ్మ వేయించడానికి దొరికింది, ఈ ఒక్క పని చేయించడానికి మనిషి దొరకలేదా?

చేతకాదంటే అదీ సరే. చెప్పవచ్చు కదా! కొన్ని కంపెనీల రౌటర్లలో ఈ మోడ్‌లోకి మారగానే క్యూఓఎస్ పేజీ మాయమవుతుంది. మరికొన్నింట్లో బూడిద రంగుకు తిరిగి, నొక్కినా కదలదు. అది మర్యాద. నువ్వు మాత్రం గడులన్నీ తెరిచి పెట్టావు, నా చేత అన్నీ నింపించావు, అంకెల గడిలో అక్షరం పడితే ఎర్రగీత గీసి మందలించావు కూడా. అంత శ్రద్ధగా తీసుకున్న దరఖాస్తును ఎక్కడ పడేశావు? "బ్రిడ్జ్ మోడ్‌లో ఇది పనిచేయదు" అని ఒక్క వాక్యం రాసి ఉంటే, నిన్న నేను బావమరిది ల్యాప్‌టాప్ మూయించి ఇంటర్వ్యూకు కూర్చునేవాడిని. నీ టిక్కును నమ్మి మేడ ఎక్కలేదు.

న్యాయానికి ఒక మాట చెప్పాలి. పెట్టెలోని వైఫై రేడియో దగ్గర మాట, వీడియో, మామూలు సరుకు, తీరిక సరుకు అని నాలుగు వరుసలు ఉన్నాయి. డబ్ల్యూఎంఎం అంటారు. అది బ్రిడ్జ్ మోడ్‌లోనూ తన పని మానలేదు. దానికి పేజీ లేదు, టిక్కు లేదు, విజయవంతం అన్న కేక లేదు. అందులో నీ ప్రమేయమూ లేదు.

ఈ ఆదివారం ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్, అంటే రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, ఎక్కిస్తున్నాను. నీ మోడల్ వాళ్ళ జాబితాలో ఉంది, సరిచూసుకున్నాను. పెట్టె ఉంటుంది, ఆరు యాంటెనాలూ ఉంటాయి, మంచివాడైన ఆ రేడియో ఉంటాడు. పోయేది నువ్వొక్కదానివే. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించే ముందు చివరిసారిగా నీ పెట్టె ఒకటి నుంచి వంద దాకా లెక్కపెడుతుందట. ఆ తర్వాత వచ్చే ఆకుపచ్చ టిక్కును మాత్రం నమ్ముతాను.

ఇట్లు,
నీ జాబితాలో అందరికన్నా పైన ఉన్నవాడు